మాల తీసే చెయ్యి

నలభై ఒక్క రోజుల తర్వాత ఆ ఇంటి పెరట్లో మళ్ళీ ఉల్లిపాయ తెగుతోంది. కోడిమాంసం సంచి గోడకున్న మేకుకు వేలాడుతోంది. ఈగలు అప్పుడే దాని చుట్టూ చేరాయి. శబరిమల నుంచి వస్తున్న మొగుడి మెడలో మాల తీసిన మరుక్షణం అది పొయ్యెక్కాలి. అందుకని సౌజన్య తెల్లారగట్ల నాలుగింటికే లేచి ఇల్లంతా కడిగింది. గంపలగూడెంలో పత్తి తీతకు పోతే వచ్చే నాలుగొందలూ ఇవాళ్టికి పోయినట్టే. వినాయక చవితి నాడు మొగుడు మెలితిప్పిన ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా వంగడం లేదు.

ఆ మొగుడు కిరీటి. తిరువూరులో షేర్ ఆటో తోలుతాడు. ఏటా మాల వేస్తాడు. వేసిన రోజు నుంచి మందు ముట్టడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు, ఆమెను మాతా అని పిలుస్తాడు. ఆమె స్వామీ అంటూ ఆ కాళ్ళకే మొక్కాలి. నెలసరి వస్తే మాత్రం మాతగారు చలికి వణుకుతూ పక్కింటి పశువుల పాకలో పడుకోవాలి. ఈసారి ఆ భాగ్యం రెండుసార్లు దక్కింది.

అత్త నాగేశ్వరమ్మకు దేవుడున్నాడనడానికి ఈ నలభై ఒక్క రోజులే రుజువు. పెద్దమనుషులు చెప్పినా, పోలీసులు పిలిచి కూర్చోబెట్టినా ఆగని చేతిని పూసలదండ ఆపిందని వీధంతా చెబుతుంది. ఆ చేతి దెబ్బలు ఆవిడా తిన్నది కనక ఊరికే చెప్పే మాట కాదది.

సౌజన్య కూడా మొదట్లో నమ్మింది. తాగుడు రోగమనీ, రోగిష్టివాణ్ణి ఏమంటామనీ జాలిపడింది. పెళ్ళైన మూడో ఏడు, మొగుడు మాలలో ఉండగా ఒకనాడు కూరలో ఉప్పెక్కువైంది. కిరీటి కంచం వంక చూశాడు, ఆమె వంక చూశాడు, స్వామి శరణం అనుకుంటూ మంచినీళ్ళు తాగి లేచిపోయాడు. మాల లేని రోజైతే ఆ కంచం ఆమె మొహాన పడేది. ఆపుకోగలడన్నమాట. మిగతా రోజులన్నీ ఆపుకోవడం ఇష్టం లేకే కొడుతున్నాడన్నమాట. ఒకే మాల అత్తకు దేవుణ్ణి చూపించింది, కోడలికి మొగుణ్ణి చూపించింది. ఆ పూటే ఆమె స్వామి పటానికి దండం పెట్టడం మానేసింది.

పదింటికి కిరీటి వచ్చాడు. గడప ముందు కొబ్బరికాయ కొట్టి లోపలికెళ్ళి, పటం ఎదురుగా మెడ వంచి నిలబడ్డాడు. మాల తల్లి చేతే తీయించుకోవడం ఆ ఇంటి ఆచారం. వీధిలో నవదీప్, ఇంకో ఇద్దరు స్నేహితులు ఆటో సీటు కింద సీసాలు పెట్టుకుని గోతికాడ నక్కల్లా కాచుకుని ఉన్నారు. వాళ్ళు హారను కొట్టారు.

"తొందరగా తియ్యమ్మా, వాళ్ళు చూస్తున్నారు."

నాగేశ్వరమ్మ చేతులు మాల దాకా వెళ్ళి ఆగాయి. ఆవిడ పెరటి గుమ్మం వైపు చూసింది. కోడలు కత్తిపీట ముందు కూర్చుని, వంగని చేత్తో ఉల్లిపాయను అదిమిపట్టుకుని ఉంది. ముసలావిడ చేతులు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

"నేను తియ్యనురా."

కిరీటి నవ్వబోయాడు. ఏటా నువ్వేగా తీసేది, ఇవాళేమైందని అడిగాడు.

"అవును, నేనే. నిన్ను పట్టి ఉంచింది స్వామి అని ఊరంతా చెప్పుకున్నాను. మరి ఏటా నిన్ను దాని మీదికి వదిలిందెవరు? నేను కాదూ? ఈసారి నువ్వే తీసుకో. ఆ చెయ్యి ఎవరిదో నేను కళ్ళారా చూడాలి."

అతను పెళ్ళాం వైపు తిరిగి, నువ్వైనా వచ్చి తియ్యి అన్నాడు. సౌజన్య కత్తిపీట పక్కకు వాల్చి లేచింది. వచ్చి అత్త పక్కన నిలబడింది. కాళ్ళకు మొక్కలేదు.

వీధిలో హారను మళ్ళీ మోగింది. కిరీటి కుడిచెయ్యి మెడ దాకా లేచింది. అత్తాకోడళ్ళిద్దరూ రెప్ప వెయ్యకుండా ఆ చేతినే చూస్తున్నారు.