బత్తాయి తొక్కల పొడి

మిర్యాలగూడ వైపు తోటల నుంచి లారీల్లో వచ్చే బత్తాయిలను కోదాడ పొలిమేరలోని జ్యూస్ ఫ్యాక్టరీలో పిండేవారు. రసం డబ్బాల్లోకి వెళ్లేది. తొక్కలు, పిప్పి ట్రాక్టర్ల మీద వెళ్లి మునగాల దగ్గర ఒక తండా పక్కనున్న గుంతలో పడేవి. అవి కుళ్లితే తండాలో ముద్ద నోట్లో పెట్టుకోలేనంత కంపు. నీలాది ఆ తండాయే. హైదరాబాదులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి, తొంభై నాలుగులో అదే ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. మన ఇంటి ముందు పోసే ఆ తొక్కలను నువ్వైనా ఏమీ చేయలేవా అని తల్లి మోతీబాయి అడిగితే, నీలాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

బత్తాయి తొక్కలో ఒంటికి మేలు చేసే చేదు సారం ఉంటుందని నీలాకు తెలుసు. తీయడం కష్టం కాదు, నిలబెట్టడమే కష్టం. గాలీ వెలుతురూ తగిలితే నల్లబడి సత్తువ పోయేది. ఎన్నో విధాల చూసి చూసి, చివరికి తుమ్మబంక కరిగించిన నీళ్లలో ఆ సారాన్ని కలిపి, బాగా చిలికి, ఆరబెట్టించింది. బంక ప్రతి రేణువునూ సన్నని పొరలా చుట్టుకుంది. వానాకాలం వెళ్లిపోయినా లేత పసుపు రంగు పొడి అలాగే ఉంది.

ఈ పనిలో ఆమెకు తోడు నడిగూడెం బిక్షపతి. బాయిలర్ దగ్గరి మనిషి.

"మంచిగ దాసినవ్ నీలమ్మా. ఇగ దీన్ని గాలి గూడ ముట్టది" అని మురిసిపోయాడు.

తొక్కల్లోంచి సారం దిగడానికి స్పిరిట్ వాడేవారు. ఇరుకు గది. ఆవిరిని బయటికి లాగడానికి ఒకే ఫ్యాను. వేరే షెడ్డు కావాలని నీలా అడిగితే, వచ్చే సీజనుకు చూద్దామన్నాడు యజమాని. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగి గదంతా ఆవిరి కమ్ముకుంది. కిటికీలు తీద్దామని బిక్షపతి లోపలికి వెళ్లాడు. అంతలోనే కరెంటు వచ్చింది. మోటారులో నిప్పురవ్వ లేచి గది భగ్గుమంది.

జీపులో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే అతనికి తెలివి ఉంది.

"నీలమ్మా, ఇంట్ల మైసమ్మకు జర మెల్లగ చెప్పు" అన్నాడు. మర్నాడు పోయాడు.

కర్మకాండ ముగిశాక యజమాని నీలాను పిలిపించాడు. "షెడ్డు కట్టిస్తానమ్మా. పని మాత్రం ఆపొద్దు. స్పిరిట్ లేకపోతే సగం సారం కూడా రాదని మీరే చెప్పారు కదా?"

"రాకపోతే రాకపాయె సార్. వేడినీళ్లతోనే చేస్త. మళ్ల స్పిరిట్ లోపటికొస్తే నేను బయటికి పోత."

ఆయన చాలాసేపు గొణిగి, ఒప్పుకున్నాడు.

బిక్షపతి భార్య మైసమ్మకు కాయలు కడిగే దగ్గర పని ఇచ్చారు. ఆమె తలెత్తి ఎవరితోనూ మాట్లాడేది కాదు. నీలా ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. ఒకరోజు అన్నాల వేళ ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, మా ఆయన చేసిన పని ఏందో జర సూపిస్తవా?"

నీలా సీసా మూత తీసి అరచేతిలో కొంచెం పోసింది. మైసమ్మ దాన్ని వేలితో అటూ ఇటూ కదిపింది. వాసన చూసింది.

"గింతేనా?"

"గింతే వదినా."

"ఎవలకన్న పనికొస్తదా?"

"వస్తదనే చేస్తున్నం. ఇంక తెల్వదు."

అబద్ధం చెప్పడానికి నీలాకు నోరు రాలేదు.

"కొంచెం కాయితంల కట్టియ్యి. మా అత్త రోజు అడుగుతాంది, నా కొడుకు ఏం పని మీద పోయిండే అని. నాకు చెప్పరాలే."

అది తొక్కా బంకా తప్ప మరేమీ కాదు. నీలా చిన్న పొట్లం కట్టి ఇచ్చింది. మైసమ్మ దాన్ని కొంగున ముడివేసుకుని, మళ్లీ కాయల దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నీలాయే ఆమె కోసం ఆగింది.

"మీ అత్త పోచమ్మవ్వ ఏమన్నది వదినా?"

"నాలిక మీదేసుకున్నది. కరిగినంక శేదుగున్నదన్నది." మైసమ్మ కొంగు సర్దుకుంది. "ఊంచలేదు మేడం. మింగింది."