పెడల్ వెనక కుంకుమ

భరత్ కారులో లేని బొట్టు తన కారులోనే ఎందుకుంది, అదీ పెడల్ వెనక, దేవుడు కూడా వంగి చూస్తే తప్ప కనబడని చోట, శశిధర్ షెడ్డు తలుపు తోసేలోపే ఈ ప్రశ్న పదోసారి వేసుకున్నాడు, బయట కె.ఆర్.పురం స్టేషన్లో రైలు కూస్తోంది, లోపల కవల పిల్లల్లా రెండు రేసు కార్లు, ముందరి ముక్కు డొప్పలు ఊడదీసి పక్కపక్కన, ఒకే ఏడు కొన్నవి, ఇంజన్లు చీటీలు తీసి పంచినవి, ఎవరూ చెయ్యి పెట్టకుండా సీసపు ముద్రలు వేసినవి, అయినా భరత్ కారు పరిగెడుతుంది, తనది నడుస్తుంది, ఎవరో ఏదో చేస్తేనే కదా, రెండింటినీ తాకేది వెంకటగిరియప్ప ఒక్కడే, ముప్పయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్న మెకానిక్కు, భరత్ ఏమో టీము యజమాని భుజంగరావు మేనల్లుడు, ఇక అనుమానించడానికి జ్యోతిష్యం తెలియాలా.

రెండువేల మూడు సీజను మొదలైనప్పుడు ఇలా లేదు, మొదటి రేసు తనే గెలిచాడు, కప్పు పట్టుకున్న ఫొటో నెల్లూరులో అమ్మ టీవీ మీద పెట్టుకుంది, రెండో రేసులో, చెన్నై దగ్గర, పొడవాటి దారి చివరి మలుపులో వేరే టీము కుర్రాడు శామ్యూల్ కారు గాల్లోకి లేచింది, దాని చక్రం తన హెల్మెట్ పక్కనుంచే పోయింది, శామ్యూల్ కాలు రెండు చోట్ల విరిగింది, తనకు గీత కూడా పడలేదు, అదృష్టవంతుడివి అన్నారందరూ, సరే ఆ సంగతి ఇప్పుడెందుకు, మూడో రేసు నుంచి ల్యాపుకి, అంటే ఒక్కో చుట్టుకి, అర సెకను ఎక్కడికో పోతోంది, ఐదో స్థానం, ఆరో స్థానం, మళ్ళీ ఆరు, కార్బురేటర్‌లో ఏదన్నా చేశాడేమో, బ్రేకులు చక్రాన్ని పట్టేసేలా బిగించాడేమో, పైగా రేసయ్యి కారు దిగగానే ముసలాయన దగ్గరికొచ్చి కాలు ఎట్లుండాది అప్పా అంటాడు, విరిగింది శామ్యూల్ కాలైతే తన కాలి ఊసెందుకు, వెటకారం కాకపోతే.

ఇంకోటి, మొన్న కోయంబత్తూరులో లారీ చాటున నిలబడి చెవులారా విన్నాడు, కుర్రాడేంటి ఇలా అయిపోయాడు, మార్చేద్దామా అని భుజంగరావు అడిగితే, పిల్లోడి తప్పేం లేదు సార్, కారులోనే ఏందో దోషం ఉండాది, నేను చూసుకుంటా అన్నాడు ముసలాయన, తన నోటితో తనే ఒప్పుకున్నట్టు కాదా, నిన్న సాయంత్రం ముక్కు తీసిన కారులో ఆ ఎర్రబొట్టు కనబడేసరికి ఇక ఆగలేకపోయాడు, బొమ్మసంద్రలో భుజంగరావు ఫ్యాక్టరీకి పోయి చెప్పేశాడు, సార్, ఐ యామ్ ష్యూర్, మార్క్ పెట్టి మరీ చేస్తున్నాడు, లాస్ట్ రేస్‌కి ఆయనుంటే నేనుండను, భుజంగరావు, సరే, పొద్దున పదింటికి రమ్మని పనిలోంచి పంపించేస్తాను, నువ్వు ఋజువు మాత్రం చూపించు అన్నాడు.

ఆ ఋజువు కోసమే ఇప్పుడు నేలమీద బోర్లా పడుకుని టార్చి వేస్తున్నాడు, యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా తొక్కితే వెనక ఒక బోల్టుకి ఆనుకుంటుంది, అంతకు మించి పోదు, ఆ బోల్టు తల మీదే బొట్టు, గ్రీజులో కుంకుమ కలిపి పెట్టింది, రేసు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగుకి, ముక్కుకి బొట్లు పెట్టాక ముసలాయన లోపలికి తల దూర్చడం తను చూస్తూనే ఉన్నాడు, కానీ రెండు కార్లలోనూ దూరుస్తాడే, శశిధర్ పాకుతూ భరత్ కారు దగ్గరికి పోయాడు, బొట్టు లేదు, లేదనే నిన్న అనుకున్నాడు, టార్చి దగ్గరగా పెడితే బోల్టు అంచున ఎర్రటి మసక, పెడల్ వీపున ఎర్రటి మచ్చ, అంటే ఇక్కడా పెట్టాడు, పెడల్ వచ్చి తుడిచేసింది, మొదటి ల్యాపులోనే తుడిచేసి ఉంటుంది, మరి తన కారులో బొట్టు, రేసంతా ప్రాణం పెట్టి తొక్కానని తను ఒట్టు వేసి చెప్పగలడు, అయినా పెళ్ళికూతురి నుదుట పెట్టినట్టు గుండ్రంగా, చెక్కు చెదరకుండా, మధ్యలో ఏదన్నా అడ్డుపడుతోందేమోనని చేత్తో నొక్కాడు, పెడల్ మెత్తగా పోయి బోల్టుకి ఆనింది, పెడల్ వీపు తడిమి చూస్తే వేలికి ఎరుపంటింది, అడ్డేమీ లేదు, రేసులో పెడల్‌కీ బోల్టుకీ మధ్య మిగిలిపోయిన ఆ వేలెడు ఖాళీ కారులో లేదు.

అడుగుల చప్పుడు, వెంకటగిరియప్ప, ఇస్త్రీ చొక్కా, తడి జుట్టు నున్నగా దువ్వుకుని, ఏమప్పా ఇంత పొద్దున్నే, సార్ పదింటికి రమ్మని ఫోన్ చేసినారు, ఎందుకో ఏమో, నీకేమన్నా తెలుసునా అంటూనే తన వేలికేసి చూశాడు, భుజమ్మీది తువ్వాలు అందించాడు, తుడుచుకో, కాలు తిరిగొస్తాది లే అప్పా, నిదానంగా వస్తాది, ఈయనకు మూడో రేసు నుంచీ తెలుసు, ప్రతిసారీ ఆ చెరగని బొట్టు చూసుకునే వచ్చి కాలెట్లుందని అడిగాడు, యజమాని అడిగితే నేరం కారు మీద వేశాడు, బొట్టు సంగతి చెప్పి ఉంటే తన సీటు ఎప్పుడో పోయేది, జేబులో సెల్లు మోగుతోంది, భుజంగరావే, ఋజువు దొరికిందా అంటాడు, దొరికింది, సీజనంతా కారును వెనక్కి పట్టింది తన కుడికాలు, అది దాచిపెట్టి తనను కాసినవాడి మీదే తను చాడీ చెప్పి వచ్చాడు, ఎర్రటి వేలితోనే మీట నొక్కి, సార్, ఆయన కాదు, నేనే, నాకు ఆ రెండో రేసు నుంచీ భయమేస్తోంది, అన్నాడు.