కవుతరంలో కాపురం

రత్నరాజుకి హాస్టలు వార్డెను బంగళా ఇస్తున్నారని తెలిసిన రోజున వాళ్ళ నాన్న జకరయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. సంతోషం వస్తే ఆయనకి ఆకలి ఉండదు. బందరులోని ఆ మిషన్ కాలేజీ ఆవరణలో ఆయన జీవితమంతా తోటమాలిగా పనిచేశాడు. బంగళా చుట్టూ ఉన్న గన్నేరు చెట్లూ, వాకిట్లో సన్నజాజి పందిరీ ఆయన చేతి మొక్కలే. అయినా ఆ ఇంట్లో ఎన్ని గదులున్నాయో ఆయనకి తెలీదు. మెట్ల దాకా వెళ్ళి, కుండీలు సర్ది, వెనక్కి వచ్చేసేవాడు. ఇప్పుడు కొడుకు అదే కాలేజీలో ఎకనామిక్సు లెక్చరరు. ఆ మెట్లెక్కి తాళం తియ్యబోతున్నాడు.

"మన వంశంలో ఇంత ఇల్లు ఎవడు చూశాడే?" అన్నాడు భార్య ధనమ్మతో.

1961 జూన్‌లో రత్నరాజు, భార్య దయామణి ఆ బంగళాలో దిగారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక అందరూ టీ తాగుతుంటే జకరయ్య మాత్రం ఒక్కో గదిలోకీ వెళ్ళి, గోడల మీద చెయ్యి వేసి చూసి వచ్చాడు.

ఆ నెలలోనే దయామణికి గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా ఉద్యోగం వచ్చింది.

దయామణిది దివిసీమ. మోపిదేవి పక్కన చిన్న పల్లె. తండ్రి ఏసుపాదం కూలికి వెళ్ళేవాడు. చేలగట్ల మీద నడిచి ప్రాథమిక బడికి, మిషన్ హాస్టల్లో ఉండి హైస్కూలుకి, స్కాలర్‌షిప్పు మీద వాల్తేరుకి వెళ్ళి ఆమె ఎమ్మెస్సీ పూర్తిచేసింది. వాళ్ళ పేటలో ఎమ్మెస్సీ సంగతి అటుంచి, ఎస్సెల్సీ పాసైన ఆడపిల్ల ఆమెకు ముందు లేదు. ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఏసుపాదం ఊరంతా తిరిగి చెప్పాడట. కెమిస్ట్రీ అనే మాట నోరు తిరక్క, "మందులు కలిపే పెద్ద చదువు" అని చెప్పాడట.

ధనమ్మకి కోడలి చదువంటే గౌరవమే. కానీ ఆవిడ ఒక మాట అడిగింది.

"మొగుడు బందర్లో, పెళ్ళాం గుడివాడలో పనిచేస్తే, ఇల్లు ఏ ఊళ్ళో ఉన్నట్టే అమ్మాయ్?"

"బందర్లోనే అత్తయ్యా. రైలుందిగా. నేను వెళ్ళొస్తాను" అంది దయామణి.

వెళ్ళొచ్చింది కూడా. తెల్లవారకముందే వంట చేసి, మొదటి బండి అందుకునేది. గుడివాడలో క్లాసులు, మధ్యాహ్నం నుంచి ల్యాబులో ప్రాక్టికల్సు. పిల్లలు గాజుసామాను కడిగి సర్దేదాకా ఉండి స్టేషనుకి పరిగెత్తేది. బండి ఆలస్యమైతే ఇల్లు చేరేసరికి వీధి సద్దుమణిగిపోయేది. వార్డెనుకి హాస్టలు వదిలి కదిలే వీల్లేదు కాబట్టి రత్నరాజు స్టేషనుకి ఎదురెళ్ళలేకపోయేవాడు. ఒకే ఇంట్లో ఉన్నారన్న మాటే గానీ, ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకునేది ఆదివారం గుడి నుంచి వచ్చాకే.

దసరా సెలవులు అయిపోయిన వారంలో వాయుగుండం పట్టింది. సాయంత్రం గుడివాడ నుంచి బయల్దేరిన బండి కవుతరం స్టేషనులో ఆగిపోయింది. ముందు పట్టాల మీద నీళ్ళు, ఇక కదలదన్నారు. మగవాళ్ళు తలా ఒక దిక్కుకి వెళ్ళిపోయారు. దయామణి ఒక్కతే తడిసిన చీరతో ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది.

స్టేషనుకి ఎదురుగా ఉన్న పెంకుటింటి వాకిట్లోంచి ఒకావిడ కేక వేసింది. "ఒక్కదానివే అక్కడేం చేస్తావమ్మా? ఇటు రా!"

ఆవిడ పేరు వెంకటరత్నమ్మ. భర్త కోటేశ్వరరావు ఆ ఊళ్ళో మోతుబరి రైతు. దయామణి వసారాలోకి వచ్చి నిలబడగానే ఆవిడ అలవాటు ప్రకారం కులం అడిగేసింది.

"మీరేవిట్లమ్మా?"

"క్రైస్తవులమండీ. మా నాన్న మోపిదేవి దగ్గర కూలిపని చేస్తాడు. నేను గుడివాడ కాలేజీలో లెక్చరర్ని" అంది దయామణి. మూడు మాటలూ ఒకే గొంతుతో చెప్పింది.

వెంకటరత్నమ్మ ఆమె తడిసిన చీర వైపు చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "సుభాషిణీ, పొడి చీర ఒకటి పట్రా. నీది కాదు, నాది" అంది.

సుభాషిణి ఆవిడ కూతురు. ఎస్సెల్సీ ఫస్టుక్లాసులో పాసై ఇంట్లో కూర్చుంది. బందరైనా గుడివాడైనా ఆడపిల్లని ఒంటరిగా రైల్లో పంపడానికి తండ్రికి ధైర్యం చాలలేదు. ఆ పిల్ల చీర ఇచ్చి వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"కెమిస్ట్రీ అంటే ఏం చెప్తారండీ?"

దయామణి చుట్టూ చూసింది. "కాస్త పసుపు, కాస్త సున్నం తెస్తావా?" అంది. రెండూ నీళ్ళలో కలిపితే ఎర్రగా తిరిగాయి.

"ఓస్, దిష్టినీళ్ళు! ఇది నాకు తెలుసు" అని నవ్వింది సుభాషిణి.

"ఎర్రబడుతుందని తెలుసు. ఎందుకు ఎర్రబడుతుందో తెలుసా?" అంటూ దయామణి అందులో నిమ్మకాయ పిండింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపైంది. సుభాషిణి నవ్వు ఆగిపోయింది. వెంకటరత్నమ్మ కూడా పొయ్యి మీద కాఫీ మరిచి వచ్చి గిన్నె మీదకి వంగింది. ఎందుకో ఇద్దరికీ అర్థమయ్యేదాకా దయామణి చెబుతూనే ఉంది.

మర్నాడు ఇల్లు చేరేసరికి రత్నరాజు వాకిట్లోనే ఉన్నాడు. రాత్రంతా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి.

"హాస్టల్లో ప్రతి కుర్రాడికీ హాజరు వేశాను దయా. ఇంటి మనిషి ఎక్కడుందో మాత్రం నాకు తెలీలేదు. ఇంక ఈ ఇల్లు వద్దు" అన్నాడు.

"గుడివాడ మారితే రేపు మీ బతుకు నా బతుకులా అవుతుంది. అదీ వద్దు."

"మరి?"

"నిన్న నేనున్న ఊరు చూద్దురుగాని, రండి" అంది.

కవుతరం రెండూళ్ళకీ ఇంచుమించు మధ్యలో ఉంటుంది. పొద్దున అటొక బండి, ఇటొక బండి. ఆదివారం ఇద్దరూ వెళ్ళి కోటేశ్వరరావుని అడిగారు. ఆ ఇంట్లో వీధివైపు రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"మీరు చదువుకున్నవాళ్ళు. నాకేం అభ్యంతరం లేదండీ. కానీ ఊళ్ళో నలుగురూ నాలుగంటారు."

గడప లోపలి నుంచి వెంకటరత్నమ్మ అంది: "ఆ నలుగురేగా మన పిల్లని చదివించొద్దన్నది! వాళ్ళు అన్నట్టే విన్నాం. పిల్ల మొహం చూశారా ఎప్పుడైనా?"

అప్పుడు దయామణి అంది. "మీ అమ్మాయిని నాతో పంపండి బాబాయిగారూ. నాతో బండెక్కుతుంది, నాతో దిగుతుంది. మా కాలేజీలోనే చదువుతుంది. ఇల్లిచ్చినా ఇవ్వకపోయినా ఈ మాట మాటే."

ఆయన లేచి వెళ్ళి వీధివైపు గదుల తాళం తీశాడు. "ఒకటో తారీకున దిగండి" అన్నాడు.

జకరయ్యకి చెప్పడం అంతకంటే కష్టమైంది.

"పెద్దపెద్దవాళ్ళు కాపురమున్న ఇల్లు వదిలి, పల్లెటూళ్ళో అద్దెకొంపకి పోతావట్రా?"

"ఈ ఇంట్లో ఉండాలంటే దయ ఉద్యోగం మానాలి నాన్నా. ఇల్లు ఎవరో ఇస్తారు. దాని చదువు మళ్ళీ ఎవరిస్తారు?"

దయామణి మామగారి ముందు తలవంచుకోలేదు. "మీకు ఈ ఇల్లంటే ఎంతో నాకు తెలుసు మావయ్యా. కానీ నాకు ఉద్యోగం మానెయ్యాలని లేదు. దాచి చెప్పడం నాకు చేతకాదు."

జకరయ్య కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సామాను సర్దే రోజున ధనమ్మ వచ్చింది గానీ ఆయన రాలేదు. తర్వాత కవుతరం వచ్చినా, పొద్దున బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. కొడుకు ఎక్కడుంటున్నాడని బందర్లో ఎవరైనా అడిగితే మాట మార్చేవాడు.

బంగళాతోపాటే వార్డెను పనీ పోయింది గనక రత్నరాజుకి సాయంత్రాలు మిగిలాయి. ముందు ఇంటికి చేరినవాళ్ళు పొయ్యి వెలిగించాలన్నది వాళ్ళ ఒప్పందం. తరచూ ఆయనే వెలిగించేవాడు. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. తర్వాత తర్వాత, "ఇవాళ పప్పు మాడిందండీ మాస్టారూ!" అని గోడ అవతల నుంచే చెప్పేవారు.

జూన్‌లో సుభాషిణి పీయూసీలో చేరింది. దయామణి పక్కన కూర్చుని వెళ్ళేది, పక్కన కూర్చుని వచ్చేది. ఏడాది తిరక్కుండానే ఇంకో ఇద్దరు తండ్రులు వచ్చి, "మా పిల్లనీ మీతో తీసుకెళ్తారా అమ్మా?" అని అడిగారు. మాలపల్లె నుంచి ఎస్తేరు అనే పిల్ల ఎవరి సిఫారసూ లేకుండా తనే వచ్చి అడిగింది.

ఆ ఊరి పెద్ద పిచ్చేశ్వరరావు. ఆడపిల్లల రైలు చదువుల మీద అందరికంటే ఎక్కువ నోరు చేసుకున్నది ఆయనే. ఆయనా ఒకరోజు మనవరాలిని వెంటబెట్టుకుని స్టేషనుకి వచ్చాడు.

"పంపుతాను గానీ అమ్మా, ఆ మాలపల్లె పిల్ల పక్కన మాత్రం కూర్చోపెట్టకండి" అన్నాడు గొంతు తగ్గించి.

దయామణి గొంతు తగ్గించలేదు. "నేనూ పల్లెపిల్లనేనండీ. నా దగ్గర చదువుకోవాలంటే మా అందరి పక్కనా కూర్చోవాలి. మీకిష్టమైతేనే పంపండి."

బండి వచ్చింది. తాత ఏమీ తేల్చుకోకముందే మనవరాలు ఎక్కేసింది. రైలుపెట్టెలో ఎస్తేరు పక్కనే కాస్త చోటుంది. వెళ్ళి అక్కడే కూర్చుని, కిటికీలోంచి తాతకి చెయ్యూపింది. పిచ్చేశ్వరరావు చెయ్యెత్తాలో వద్దో తెలియక, సగం ఎత్తి దించాడు. ఆ పిల్ల మర్నాడూ వచ్చింది.

అటు బందరు బండిలో రత్నరాజు చుట్టూ మగపిల్లలు చేరారు. కాలేజీ లేని కవుతరం నుంచి రెండు వైపులకీ కాలేజీ పిల్లలు బయల్దేరారు. ఇటుపక్క గార్డులు ఆడపిల్లల పెట్టెని "దయామణిగారి పెట్టె" అనేవారు. అందరూ ఎక్కారో లేదో ఆమె చూసుకున్నాకే పచ్చజెండా ఊపేవారు.

1966లో సుభాషిణి బీఎస్సీ ఫస్టుక్లాసులో పాసైంది. ఎమ్మెస్సీకి వాల్తేరులో సీటొచ్చింది. కోటేశ్వరరావు ఊరంతటికీ భోజనాలు పెట్టాడు. జకరయ్యకి, ధనమ్మకి మనిషిని పంపి మరీ పిలిపించాడు. వచ్చిన జకరయ్య, ఎప్పటి అలవాటు చొప్పున, అరుగు కిందే చెప్పులు విడిచి పక్కగా నిలబడబోయాడు. కోటేశ్వరరావు దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి తన పక్క కుర్చీలో కూర్చోపెట్టాడు. వచ్చినవాళ్ళంతా ఆయనకి నమస్కారం పెట్టారు.

"మీ కోడలుగారు లేకపోతే మా పిల్ల ఈపాటికి పిల్లల తల్లి అయ్యుండేదండీ" అని ఒకాయన అన్నాడు.

విస్తరి ముందు కూర్చున్నా జకరయ్యకి ముద్ద నోట్లోకి పోలేదు. ధనమ్మ మాత్రం ఆయన్ని చూసి కంగారు పడలేదు.

మొదటిసారి రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు పొద్దున ఆయన స్టేషనుకి వచ్చాడు. ముందు బందరు బండి వచ్చి రత్నరాజునీ మగపిల్లల్నీ ఎక్కించుకుపోయింది. తర్వాత గుడివాడ బండి. దయామణి చేతిలో పుస్తకాలతో తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్క పిల్లనే లోపలికి పంపి, చివర తను ఎక్కింది. "వెళ్ళొస్తాను మావయ్యా" అంది. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, బండి కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

పక్కన ఉన్న పోర్టరు అడిగాడు. "మీకేమవుతారండీ ఆవిడ?"

"మా కోడలు" అన్నాడు జకరయ్య. అంతటితో ఆగలేదు. ఎమ్మెస్సీ అన్నాడు, లెక్చరరు అన్నాడు, ఇందాక బందరు బండెక్కినవాడు మా అబ్బాయన్నాడు. పోర్టరుకి అన్నీ తెలిసినవే అయినా ఓపిగ్గా విన్నాడు.

ఇంటికి వచ్చి కోటేశ్వరరావుని అడిగాడు. "ఇక్కడ మాకూ ఒక గది దొరుకుతుందా అండీ?"

"పెరటివైపు గది ఖాళీగానే ఉంది బావగారూ. ఎప్పుడొచ్చినా మీదే" అన్నాడు కోటేశ్వరరావు.

ఆ మాట పూర్తికాకముందే ధనమ్మ లేచి ఆ గది తలుపు తీసి, పొయ్యి ఏ మూల పెట్టాలో చూసుకోవడం మొదలుపెట్టింది.