ఇరవై అయిదో గీత

పెద్దక్క కళ్ళు మండడం మొదలై ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. మందు సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్ష బల్ల ముందు ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. ఇరవై రెండేళ్ళూ చీకట్లోకి చూడడమే ఉద్యోగం. ఇదేం ఉద్యోగమని నవ్వేవాళ్ళని ఒక్క పూట ఆ స్టూలు మీద కూర్చోబెడితే తెలుస్తుంది.

ఆ బల్ల సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. కింద ఒక దీపం, దాని మీద ఒక పోలరాయిడ్ ఫిల్టర్. జానెడు ఖాళీ. ఆ పైన, కంటి దగ్గర, గుండ్రంగా తిరిగే ఇంకో ఫిల్టర్, దాని అంచు చుట్టూ డిగ్రీల గీతలు. దీపం కాంతి అన్ని వైపులకీ ఊగుతూ వస్తుంది. కింది ఫిల్టర్ అందులో ఒక్క వైపు ఊగేదాన్నే పైకి వదులుతుంది. పైదాన్ని దానికి సరిగ్గా అడ్డం తిప్పి సున్నా గీత దగ్గర పెడితే, వచ్చిన ఆ కాస్తా ఆగిపోతుంది. ఇక కటిక చీకటే. మధ్యలో మంచి సీసా పెట్టినా చీకటి అలాగే ఉంటుంది. పొయ్యిలోంచి వచ్చి గబగబా చల్లారి, లోపల బిగుసుకుపోయిన సీసా పెడితే మాత్రం, ఆ గాజు కాంతి ఊగే తీరునే మార్చేస్తుంది. చీకట్లో తెల్లటి చారలు మెరుస్తాయి. చేత్తో పట్టుకుని చూస్తే ఆ సీసాకి ఏ వంకా ఉండదు. వేడి మందు పోసిన రోజున ఠప్పున పగులుతుంది.

పెద్దక్క కన్ను తప్పదని ఫ్యాక్టరీ అంతా అనేవాళ్ళు. అనేవాళ్ళకేం, కళ్ళు వాళ్ళవి కావుగా!

రెండు నెలల కింద ఒక మధ్యాహ్నం, కళ్ళలో కారం కొట్టినట్టుంటే, పై ఫిల్టర్‌ని రవ్వంత తిప్పింది. చీకటి పల్చబడింది. ప్రాణం లేచొచ్చింది. అదేమంత నేరమనిపించలేదు, ఎందుకంటే ఆ ఫిల్టర్ గుణమే అలాంటిది. రెండు ఫిల్టర్లూ ఒకే వైపు ఉన్నప్పుడు వచ్చే వెలుతురు వంద పాళ్ళనుకుంటే, సున్నా నుంచి అయిదు గీతలు జరిపినా ఒక్క పాలు రాదు. పది గీతలకి మూడు పాళ్ళు. అక్కణ్ణుంచే అసలు తంటా, ప్రతి గీతకీ ఉరుకుతుంది. అలవాటు పడ్డ కంటికి నిన్నటి వెలుతురు ఇవాళ చీకటే, కాబట్టి రోజుకో రవ్వ. గీతల మీద జిడ్డూ దుమ్మూ పేరుకున్నాయి. ఎంత జరిగిందో ఆవిడ చూడలేదు. చూసే ఓపికా లేదు.

ఆ వారం మందుల కంపెనీ నుంచి కబురొచ్చింది. వేడి మందు పోయగానే పన్నెండు సీసాలు పగిలాయి, అక్కడ పనిచేసే మనిషి ఒకరికి అరచెయ్యి తెగింది. పెద్దక్క చూసిన సీసాలో లోపం ఉండదు గనక, అట్టపెట్టెల్లో సర్దేటప్పుడు ఎత్తి పడేసి ఉంటారని నిమిషంలో తేల్చేశారు. సర్దింది రేడియో.

రేడియో పెద్దక్కకి తోటికోడలు. ఒకే ఇల్లు, ఒకే వంటగది. నోట్లో నువ్వుగింజ నానదు గనక ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన పేరది, ఇంట్లోనూ అదే ఖాయమైంది. మరిది పోయి ఆరేళ్ళు. కూతురి చదువూ, తన బతుకూ ఆ ఉద్యోగం మీదే. గురువారం ఆమెని ఇంటికి పంపేశారు. శనివారం పొద్దున సంజాయిషీ ఇవ్వాలి, లేదా లెక్క తేల్చి పంపేస్తారు.

ఆ సాయంత్రం పెద్దక్క నోరు పారేసుకుంది కూడా. పని చేసేటప్పుడు కబుర్లు తగ్గించుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నానని దులిపేసింది. రేడియో గిన్నె తోముతూ వింది. పన్నెత్తి ఒక్క మాట అనలేదు. అది పెద్దక్కకి రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది.

శుక్రవారం సూపర్‌వైజరు వెనక్కి వచ్చిన పెట్టె ఒకటి బల్ల మీద పెట్టించాడు. ఇందులో మిగిలిన సీసాలు చూసి, గాజులో లోపం లేదని సంతకం పెట్టేస్తే కాగితం పైకి పంపేస్తానన్నాడు. కాగితంలో ఒక గడి ఉంది, ఫిల్టర్ ఎన్నో గీత దగ్గర ఉందో రాయాలి. సున్నా అని రాయబోయి ఎందుకో ఆగింది. చీరకొంగుతో జిడ్డు తుడిచింది. అయిదో, మహా అయితే ఆరో ఉంటుందనుకుంది.

ఇరవై అయిదు.

అంటే పద్దెనిమిది పాళ్ళ వెలుతురు. అంత వెలుతురులో సన్నటి చారలు ఎక్కడ కనపడతాయి, పట్టపగలు చుక్కలు వెతికినట్టే. సున్నాకి తిప్పింది. చీకటి కమ్ముకుంది. ఒక సీసా పెట్టింది. అడుగున తెల్లటి వంకీలు. ఇంకోటి పెట్టింది, అదీ అంతే. పదో సీసా తర్వాత చూడడం మానేసింది. అయ్యో, ఎంత పని చేశాను, అనుకుంది. తలనొప్పి అని చెప్పి, సంతకం పెట్టకుండానే ఇంటికొచ్చేసింది.

వంటగదిలో రేడియో కూరగాయలు తరుగుతోంది. పెద్దక్క గడప మీదే కూలబడి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. రేడియో కత్తిపీట పక్కకి జరిపింది.

"నాకు తెలుసు అక్కా."

"ఏం తెలుసు?"

"పెట్టెలు తేవడానికి రోజూ నీ బల్ల దగ్గరికొస్తాగా. నువ్వు తిప్పుతుంటే చూశా. కళ్ళు మండుతున్నాయి పాపం, తిప్పుకోనీ అనుకున్నా. సీసాలకేమవుతుందో నాకేం తెలుసు? పగిలాయన్నాక అర్థమైంది."

"మరి ఎందుకు చెప్పలేదే?"

రేడియో తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసింది. "నీకంటూ ఆ పేరొక్కటే ఉంది. అదీ నేనే తీసెయ్యనా? నాకైతే ఎలాగూ నోటిదూల మనిషినని పేరుంది, ఇంకోటి పడితే ఏం పోయింది?"

ఊళ్ళో ఎవరింట్లో ఏ కూరో కూడా దాచుకోలేని మనిషి, ఇదొక్కటీ దాచుకుంది. పెద్దక్కకి ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్ళు ఇంకా మండాయి.

శనివారం పొద్దున్నే సూపర్‌వైజర్ని బల్ల దగ్గరికి పిలిచి అంతా చెప్పింది. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. పెద్దక్క ఏడాదిన్నరలో రిటైరయ్యే మనిషి, తప్పు ఎలాగూ సర్దినవాళ్ళ మీద పడిపోయింది, ఇక దీన్ని కెలకొద్దన్నాడు. పెద్దక్క తన స్టూలు అతని వైపు జరిపింది.

"కూర్చుని చూడండి బాబూ."

చూశాడు. "ఏమీ కనపడట్లేదు పెద్దక్కా."

"కనపడకూడదు. రెండు నెలలుగా నాకు కనపడింది."

అని వెనక్కి వచ్చిన పెట్టెలోంచి ఒక సీసా తీసి పెట్టింది. తెల్లటి వంకీలు చూసి, అతను ఇంకో సీసా తనే తీసి పెట్టుకున్నాడు. ఆవిడ కాగితం అందుకుని గడిలో ఇరవై అయిదు అని వేసింది. ఫిల్టర్ తిప్పింది తానేననీ, సర్దిన మనిషి తప్పేమీ లేదనీ, రెండు నెలల సీసాలన్నీ వెనక్కి తెప్పించాలనీ కింద రాసి సంతకం పెట్టింది.

సోమవారం రేడియో పనికెళ్ళింది. పెద్దక్క ఇంట్లో ఉంది. ఇక రానక్కర్లేదన్నారు.

సాయంత్రం రేడియో చెప్పులు విప్పుతూనే మొదలెట్టింది. బల్ల దగ్గర కొత్తమ్మాయిని వేశారట, గంటకోసారి లేచి నీళ్ళు తాగుతోందట, ఆ చెయ్యి తెగిన మనిషికి కుట్లు విప్పారట. పెద్దక్క కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని మంచం మీద పడుకుని వింటోంది. కాసేపటికి రేడియోకే అనుమానమొచ్చి గొంతు తగ్గించింది.

"నిద్రపోతావా అక్కా? ఆపెయ్యనా?"

"ఆపకు," అంది పెద్దక్క. "చెప్పు."