బిసాహు పాట కడపటి చరణం

మంగతిన్ బాయి చేతిలోంచి మైకు లాగేసుకున్నాడు. అంతమంది చూస్తుండగా, అరవై దాటిన మనిషి చేతిలోంచి. నేను మూడో వరసలో కూర్చుని కళ్లారా చూశాను.

భిలాయిలో ఓ హాలు. గోడ మీద పెద్ద బ్యానరు: చిన్న ఆదివాసీ కళాబృందాల బలోపేతానికి గ్రాంటు. మైకు లాక్కున్నవాడు ఆ గ్రాంటు ఇచ్చే ఫౌండేషన్ అధికారి నరేంద్ర. ముందు వరసలో పూలదండ వేసుకుని కూర్చున్నవాడు రామమోహనరావు. ఫౌండేషన్‌కి పెద్ద దాత. ఇనుము తీశాక మిగిలే చిట్టేన్ని లారీల్లో తోలించి పిండి కొట్టించే క్రషర్ యజమాని. పాట నాలుగో చరణంలో ఆ క్రషర్ పేరు వచ్చింది. అంతే, బలోపేతం అక్కడితో సరి.

"బహుత్ అచ్ఛా, బహుత్ అచ్ఛా! అబ్ నాచ్ దిఖాయియే," ఇక నాట్యం చూపించమన్నాడు నరేంద్ర నవ్వుతూ. హాల్లో వాళ్లు చప్పట్లు కొట్టారు.

అది బిసాహు పాట. బిసాహు మంగతిన్ కొడుకు. నిరుడు ఎండల్లో క్రషర్ దగ్గర చిట్టెం గుట్ట కూలి దాని కింద పోయాడు. ఆ రోజు అతను పనిలోనే లేడని, ఇనప ముక్కలు దొంగిలించడానికి గుట్ట ఎక్కాడని యజమాని కాగితం రాయించాడు. మనిషిని మింగింది చాలక దొంగ అని ముద్ర కూడా వేశారు.

నేనెవరో చెప్పాలి. నా పేరు భాగ్యరేఖ. మా తాత శ్రీకాకుళం నుంచి ఉక్కు ప్లాంటు కట్టడానికి వచ్చాడు. నేను ఇక్కడి బస్తీ ఖుర్సీపార్‌లోనే పుట్టాను. పక్కనున్న సుపేలాలో ఆన్‌లైన్ ఫారాలు నింపే కొట్టు నడుపుతాను. మా బస్తీ వెనక పదకొండు గోండు ఇళ్లున్నాయి. గని వచ్చి కొండ పోతే ఇటు చేరిన కుటుంబాలు. వాళ్ల గ్రాంటు దరఖాస్తు నింపింది నేనే.

'బృందం అధినేత' అన్న గడి దగ్గర ఆగిపోయాం. వాళ్లకి అధినేత లేడు. చేతులు కలిపి వరసగా నిలబడతారు, ఎవరు ఎత్తుకుంటే వాళ్ల వెనక మిగతావాళ్లు అందుకుంటారు. గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. పెద్ద తెలివైనదాన్ని కదా, అందరికంటే పెద్దదని మంగతిన్ పేరు టైపు చేసేశాను. ప్రభుత్వానికీ పోలీసులకీ కూడా కావలసింది సరిగ్గా ఒక్క పేరేనని అప్పుడు నాకు తోచలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మర్నాడు సాయంత్రం పదకొండు ఇళ్లవాళ్లూ ఆరుబయట కూర్చున్నారు. నరేంద్ర పంపిన కాగితం నేను చదివి వినిపించాను. పాడబోయే పాటల జాబితా ముందే ఇవ్వాలి. బిసాహు పాట ఇక ఎక్కడా పాడబోమని అధినేత వేలిముద్ర వేయాలి. లేకపోతే గ్రాంటు రద్దు, పైగా తగిన చర్యలు.

మాందర్ డోలు వాయించే సుకాలు ముందు లేచాడు. వాళ్ల ఛత్తీస్‌గఢీ మాటలు నేను తెలుగులో చెబుతున్నాను. "వానకి డోళ్లు నానిపోతున్నాయి. గ్రాంటు డబ్బుతో ఒక గది వస్తుంది. ఒక్క పాటే కదా, దాచుకుందాం."

"ఇవాళ ఈ పాట. రేపు కొండ పాట వద్దంటారు. ఎల్లుండి నోరే తెరవొద్దంటారు," అంది అతని పెళ్లాం. "అప్పుడా గదిలో ఏం చేస్తావు, నిద్రపోతావా?"

అరుపులు పెరిగాయి. సందు చివర రెండు మోటారు సైకిళ్లు ఆగి ఉన్నాయి. వాటి మీదున్నవాళ్లని ఎవరూ ఎరగరు.

అప్పుడు మంగతిన్ లేచింది. "గది కావాలి. డోళ్లూ కావాలి. మేమేం ముష్టెత్తడం లేదు, మా కొండ తిన్నవాళ్లు ఇవ్వాల్సిందే అది. కానీ ఏ పాట పాడాలో వాళ్లు చెప్పకూడదు. నా పాట ఇంకా పూర్తి కూడా కాలేదు, నోనీ."

నోనీ అంటే అమ్మాయీ అని. నన్నే అంటోంది. ఎందుకు పూర్తి కాలేదో అప్పుడు చెప్పింది. వాళ్లలో మనిషి పోతే ఏడాదిలోగా పాట కడతారు, ఒక్కో ఇల్లూ ఒక్కో చరణం ఇస్తుంది. కడపటి చరణం మాత్రం ఆ మనిషిని ప్రాణంతో ఆఖరిసారి చూసినవాళ్లు ఇవ్వాలి, వాళ్లు ఎవరైనా సరే. అది పడేదాకా పోయినవాడికి దారి దొరకదు.

"ఆఖరిసారి చూసింది మీ నాన్న," అంది.

మా నాన్న గోవిందరావు ఆ క్రషర్‌లో గేటు దగ్గర హాజరీ వేసే మున్షీ. ఇంటికి పోయి అడిగాను.

"నాన్నా, సచ్ బోలో, నిజం సెప్పు. ఆ రోజు బిసాహుని సూసావా?"

"సూడనేదు."

"వాళ్లమ్మ నువ్వే సూసావంటోంది. పాటకి కడపటి చరణం నువ్వే ఇవ్వాలట."

"ఏటే, ఆళ్లతోటి నీకేటి? రామమోహన్రావు మన జిల్లావోడు. నీ సదువుకి పీజు కట్టినోడు. ఈ వొయసులో నన్ను గేటవతల నిలబెడతావేటి?" కంచం పక్కకి తోసి లేచిపోయాడు. నాకు జాలి కలగలేదు, అసహ్యమే కలిగింది.

వేలిముద్ర వేయలేదు. మూడో రోజు పొద్దున్న సుపేలా బజారులో బిసాహు పాట పాడారు. గంట తిరగకుండా జీపు వచ్చింది. "ముఖియా తూ హై న?" అధినేతవి నువ్వేగా అని మంగతిన్ని అడుగుతూ ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం చూపించాడు. నేను నింపిన ఫారం నకలు. మిగతావాళ్లని లాఠీలతో పక్కకి నెట్టి మంగతిన్ ఒక్కదాన్నే ఎక్కించుకుపోయారు. రెచ్చగొట్టిందట, శాంతికి భంగమట.

మిట్టమధ్యాహ్నానికి ఠాణా ముందు రోడ్డు నిండిపోయింది. పదకొండు ఇళ్లూ వచ్చాయి. ఖుర్సీపార్ ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు వచ్చారు. క్రషర్‌లో పనిచేసే మన తెలుగువాళ్లు కూడా వచ్చారు గానీ, దూరంగా టీ కొట్టు దగ్గరే నిలబడ్డారు. పదకొండు ఇళ్లవాళ్లూ చేతులు కలిపి పాట ఎత్తుకున్నారు. నాలుగో చరణం దాటింది, పదకొండోదీ అయింది. కడపటి చరణం లేక డోలు ఆగింది. ఎవరూ కదలలేదు. లాఠీలవాళ్లు ఒక్కడుగు ముందుకు వేశారు.

టీ కొట్టు దగ్గర్నుంచి మా నాన్న నడుచుకుంటూ వచ్చాడు. పాడటం ఆయనకి రాదు. మామూలుగా, గట్టిగా చెప్పాడు.

"ఆ పొద్దున్న ఆరింటికి గేటు కాడికొచ్చాడు బిసాహు. మున్షీజీ, గుట్ట పగిలింది, ఎక్కను అన్నాడు. నానే ఎక్కమన్నాను. హాజరీ ఏసినోణ్ని నానే. పోయాక కొట్టేసినోణ్నీ నానే. కొట్టీమన్నోడు రామమోహన్రావు."

ఒక్కో ముక్కా నేనే హిందీలోకి మార్చి అందరికీ వినిపించాను. 'నేనే ఎక్కమన్నాను' అన్నదీ వదల్లేదు.

ఠాణా లోపలినుంచి మంగతిన్ గొంతు లేచింది. మా నాన్న మాటల్ని గోండీలో వరసకట్టి పాడుతోంది. ఆయన పంపబట్టే కొడుకు పోయాడని ఆమెకి ఆ నిమిషంలోనే తెలిసింది. పాట మాత్రం ఆపలేదు. సుకాలు డోలు అందుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మా నాన్న రెక్క పట్టుకున్నాడు. "దొంగ సాక్ష్యం చెబితే ఏమవుతుందో తెలుసా?" అని హిందీలో అడిగాడు. అప్పుడు టీ కొట్టు దగ్గరి మనుషులు కదిలారు. "అది దొంగ సాక్ష్యం కాదు సాబ్. గుట్ట కింద్నుంచి తీసినోళ్లం మేమే," అన్నాడు లోడింగ్ గోపాలం. అతని వెనక ఇంకో తొమ్మిదిమంది వచ్చి నిలబడ్డారు. ఆ షిఫ్టుకి క్రషర్ తిరగలేదు.

మా నాన్నా మంగతిన్ బాయీ ఇంకా లోపలే ఉన్నారు. ఇవాళ గోపాలాన్ని కూడా తీసుకుపోయారు. రేపు ముగ్గుర్నీ దుర్గ్ కోర్టుకి తెస్తారట. పదకొండు ఇళ్లూ డోళ్లతో వస్తున్నాయి, ఖుర్సీపార్ మొత్తం వస్తోంది. ప్లాంటులో పనిచేసేవాళ్లు, చదువుకునేవాళ్లు, ఇది వింటున్న మీరంతా రేపు పది గంటలకి ఎక్కడ ఉంటారో ఇప్పుడే తేల్చుకోండి.