తనిఖీ రోజున ఏడో మంచం

మేస్త్రి వేలెత్తి చూపిస్తూ జబ్బులు పంచుతున్నాడు.

"నువ్వు కాలు. నువ్వు దగ్గు. నువ్వు కళ్ళు తిరగడం. ఏయ్, నవ్వకు! కళ్ళు తిరిగేవాడెవడైనా నవ్వుతాడా?"

మెడికల్ కాలేజీ వెనక గేటు దగ్గర ఉదయం ఏడింటికే నూటయాభై మంది వరసకట్టారు. ఒక్కరికీ ఏ రోగమూ లేదు, అందరూ రోజుకూలీకి వచ్చినవాళ్ళే. కాలేజీని నడవనివ్వాలా వద్దా అని తేల్చడానికి ఏటా తనిఖీవాళ్ళు వస్తారు. ఆ ఒక్క రోజూ ఆసుపత్రి కిటకిటలాడాలి. మిగతా రోజుల్లో ఆ మంచాల మీద పిల్లులు పడుకుంటాయి. ఎవరూ ఫొటోలు తియ్యకుండా సెల్‌ఫోన్లన్నీ గేటు దగ్గరే గోనెసంచిలో వేసెయ్యాలి.

ఆమె దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి గొంతు మెత్తబడింది. "నొప్పులమ్మా, నీకు సర్జరీ వార్డు, ఏడో మంచం. కడుపునొప్పి. తనిఖీ పెద్దాయన తప్పకుండా ఆగేది అక్కడే."

ఆమె తలూపి, ఫోను సంచిలో వేసి, గోడ పట్టుకుని మెట్లెక్కి, ఆసుపత్రి గౌను తొడుక్కుని తన చీర మూటకట్టి పెట్టింది.

ఆ పేరు మేస్త్రి పెట్టిందే. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే మనిషి. నలభై ఆరేళ్ళు, బక్కపలచని ఒళ్ళు, మోచేతుల దాకా సబ్బునీళ్ళకు పాలిపోయిన చర్మం. ఎవరైనా ఎదురైతే తనే పక్కకి తప్పుకునే రకం. అలాంటిదాన్ని మంచం మీద పడుకోబెడితే మాత్రం చూసినవాడి కడుపు తరుక్కుపోవాల్సిందే. కొత్తవాళ్ళు కేకలు పెడతారు. ఆమె పెట్టదు. "మూలిగితే ఎవరూ నమ్మరు, మూలుగు ఆపుకుంటే నమ్ముతారు" అని పక్క మంచాలవాళ్ళకు నేర్పుతుంది. తొమ్మిదేళ్ళలో పట్టుబడిన విద్య అది.

ఈసారి ఆపుకోవడానికి నిజంగానే ఉంది. మూడు రోజులుగా కడుపులో కుడివైపు కింద పొడుస్తోంది. నిన్నటి నుంచి వాంతులు. ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో ఉన్నది కూతురొక్కతే, దాని గొడవలో అది ఉంది.

దాని గొడవ చిన్నదేం కాదు. చదివిస్తామని ముందుకొచ్చిన సంస్థ ఒకటి, ఏ కాలేజీలో చేరేదీ ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా కంప్యూటర్‌లో లాక్ చెయ్యమంది. ఒక్కసారే, ఒక్క చోటికే. ఆ తరవాత దేవుడు దిగొచ్చినా మార్చడానికి లేదు. పొద్దున్నే కూతురు కాగితం మీద మూడు పేర్లు రాసుకుని కూర్చుంది. మొదటిది ఈ కాలేజీ, ఆ పిల్లకొచ్చిన ర్యాంకుకి స్వదేశంలో దొరికే డాక్టరు సీటు ఇదొక్కటే. రెండోది సముద్రాల అవతల ఒక యూనివర్సిటీ. ఆరేళ్ళు, మంచు, నోరు తిరగని భాష. కానీ అక్కడి ఆసుపత్రిలో రోగులు బారులు తీరతారట. మూడోది ఊళ్ళోని యూనివర్సిటీలో మామూలు డిగ్రీ, అంటే డాక్టరు ఆశకు నీళ్ళొదులుకోవడం.

"అమ్మా, పెరటిచెట్టు మందుకు పనికిరాదని అందరూ అంటున్నారే. నువ్వు అక్కడే పనిచేస్తావు కదా, నువ్వు చెప్పు. నిజంగా రోగులొస్తారా?"

రోజూ పాచిపనికి వెళ్తూ, అక్కడ ఆయా పనికని కూతురికి చెప్పుకుంది ఆమె. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తొమ్మిదేళ్ళుగా అసలు సంగతి దాచింది. ఇవాళైనా చెప్పి ఉండొచ్చు. చెబితే పిల్ల మంచులోకి వెళ్ళిపోతుంది. ఆరేళ్ళపాటు సాయంత్రం ఇంటికొస్తే పలకరించే గొంతు ఉండదు. ఆ భయం ముందు ఇంకేమీ కనబడలేదు ఆమెకు.

"దూరపు కొండలు నునుపే తల్లీ. ఇక్కడ ఒక్క మంచం ఖాళీ ఉండదు. రోజూ చూస్తున్నాగా. ఇదే పెట్టు."

మాట ఎక్కడా తడబడలేదు. కూతురు నమ్మింది.

వార్డులో ప్రతి మంచానికీ ఒక విద్యార్థిని నిలబెట్టారు. ఏడో మంచానికి వచ్చింది చివరి సంవత్సరం అమ్మాయి, కొత్తగా ఇస్త్రీ చేసిన తెల్లకోటులో. ఎవరో రాసిపెట్టిన కేసు కాగితం చదివి, ఊరికే అన్నట్టు కడుపు మీద చెయ్యి వేసింది. చటుక్కున తీసేసింది.

"అమ్మా, మీకు నిజంగానే నొప్పా?"

"నా పనే అది తల్లీ."

"కాదమ్మా. కడుపు చెక్కలా ఉంది. పుస్తకంలో అచ్చం ఇలాగే రాశారు."

"పుస్తకంలోనేనా? ఇంతకుముందెప్పుడూ చూళ్ళేదూ?"

తెల్లకోటు పిల్ల తల దించుకుంది. "ఇంతమందిని పడుకోబెడతారు గానీ, నిజం రోగిని ముట్టుకోవడం నాకిదే మొదలమ్మా."

నొప్పులమ్మకు ఆ మాట కడుపులో పోటు కంటే గట్టిగా తగిలింది. ఇంకో ఐదేళ్ళకు ఇలాగే ఎవరి మంచం పక్కనో ఏం చెయ్యాలో తెలియక నిలబడే తన కూతురు కనబడింది. ఎంత పాపిష్టిదాన్ని, అనుకుంది. తనిఖీ అయి ఫోను చేతికి రాగానే దానికి నిజం చెప్పెయ్యాలి, ఐదింటికి ఇంకా టైముంది.

ఒంటిగంటకు తనిఖీ పెద్దాయన వచ్చాడు. ఏడో మంచం దగ్గర ఆగి, రెండు వేళ్ళతో నొక్కి ఒక్కసారిగా వదిలాడు. ఆమె పెదవి కొరుక్కుంది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు విద్యార్థినితో.

"అపెండిక్స్ పగిలింది సార్. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

"థియేటర్ రెడీ సార్. మీరిలా కదలగానే తీసుకెళ్ళిపోతాం" అన్నాడు పక్కనున్న పెద్ద డాక్టరు.

"మంచి కేసులే వస్తున్నాయే మీకు!" అని పెద్దాయన సంతోషపడి, కాగితం మీద చాలాసేపు రాసుకుని ముందుకు సాగాడు.

ఆయన వెళ్ళాక పెద్ద డాక్టరు మంచం కమ్మి తట్టాడు. "అబ్బ, ఏం నటించావమ్మా! నేనే నమ్మేశాను."

"నిజంగానే బాబూ."

"చాల్లే, ఇంక ఆపు. వాళ్ళు దాటిపోయారు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనా ఆ రోజుకి పక్క ఊరి నుంచి తెచ్చిన డాక్టరే. రెండున్నరకు ఆయన తిరుగు వ్యాను.

ఆరో మంచం దగ్గు తాత ఇటు తిరిగాడు. "నీదే నటనంటే. నేను దగ్గీ దగ్గీ నిజం దగ్గు తెచ్చుకున్నా!"

తెల్లకోటు పిల్ల థియేటర్ వైపు పరిగెత్తింది. అక్కడి యంత్రాలు అద్దెవి, అప్పుడే లారీకి ఎక్కిస్తున్నారు. కాలేజీ మేనేజరు ఆమెకు చేతులు జోడించాడు. "తనిఖీవాళ్ళు ముందు గదిలో సంతకాలు పెడుతున్నారమ్మా. ఇప్పుడు మన రోగిని ఇంకో ఆసుపత్రికి పంపితే కాలేజీ ఉంటుందా? వాళ్ళ కారు కదలనీ."

మూడున్నరకు నొప్పి ఉన్నట్టుండి పోయింది. "తగ్గింది పాపా" అంది నొప్పులమ్మ తేలిగ్గా. ఆ పిల్ల మొహం పాలిపోయింది. అలా పోతే అది తగ్గడం కాదని, ప్రాణం మీదికి వచ్చినట్టని కూడా పుస్తకంలో చదివింది మరి.

నొప్పులమ్మ తెల్లకోటు పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా, తడిగా ఉన్నాయి.

"నా కూతురికి ఫోన్ చేసిపెట్టు. ఐదింటిలోపల. ఇక్కడ పెట్టొద్దని చెప్పు. దూరమైనా ఫర్లేదు, వెళ్ళమను. నేను ఆయాని కాదని, ఇలా పడుకుంటానని, అదీ చెప్పు. నమ్మదేమో, అమ్మే చెప్పమందని అను."

"నంబరు చెప్పండమ్మా."

"నోటికి రాదు తల్లీ. నా ఫోన్లో మొదటిదే. సంచిలో ఉంది."

గేటు దగ్గర మేస్త్రి సంచి మీదే కూర్చున్నాడు. "వాళ్ళ కారు కదలందే సంచి మూతి విప్పను. నా నోట్లో మట్టి కొట్టకమ్మా" అన్నాడు. విద్యార్థినుల ఫోన్లూ అందులోనే ఉన్నాయి. ఆ పిల్ల బతిమాలింది, ఏడ్చింది, చివరికి వెనక్కి వచ్చింది.

నొప్పులమ్మ గోడ గడియారాన్నే చూస్తోంది. నాలుగూ నలభై. "చేశావా?" అని అడిగింది. "చేస్తున్నానమ్మా" అంది పిల్ల. ఆ తరవాత ఆమె ఇంకేమీ అడగలేదు.

ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. "లేవ్వే, ఇంకెంతసేపు పడుకుంటావు" అని దగ్గు తాత భుజం కుదిపినప్పుడు తెలిసింది.

ఐదూ పదికి కారు కదిలింది. సంచి విప్పారు. తెల్లకోటు పిల్ల నొప్పులమ్మ ఫోను వెతికి మొదటి నంబరు నొక్కింది. అటునుంచి ఒక్క రింగుకే గొంతు పలికింది.

"అమ్మా! పెట్టేశానే! చివరి నిమిషం దాకా భయమేసింది. నువ్వన్నావని ధైర్యం చేసి లాక్ చేసేశా. ఇంక రోజూ ఇద్దరం కలిసే వెళ్దాం... అమ్మా? మాట్లాడవేం?"

లోపల, బట్టలు మార్చుకునే గదిలో, అందరూ ఎవరి మూట వాళ్ళు ఏరుకుని వెళ్ళిపోయాక బల్ల మీద ఒక్కటి మిగిలింది. ఏడు అంకె రాసిన చీటీ గుచ్చి, సాయంత్రం తొందరగా విప్పుకోవచ్చని వదులుగా ఒక్క ముడే వేసిన మూట.