వినోద తాగిన గ్లాసు

గాజు గొట్టంలో చుక్క మందు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపురంగుకు తిరగాలి. తిరగలేదు. వినోద మళ్లీ వేసింది. నీళ్లు తేటగా అలాగే ఉన్నాయి.

క్లోరిన్ పంపు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. వినోద పనిచేసే, పట్నం మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి, క్రిములు చావని నీళ్లు పొద్దుటి నుంచీ పైపులో పోతున్నాయి. నాలుగు కిలోమీటర్ల అవతల, పైపు చివర వినోద అత్తగారి ఊరు. బోర్లు ఎండి మాడుతున్న మొక్కజొన్న చేన్లకు ఇవాళే మొదటి తడి.

"వాల్వు బంద్ చేసిన గదా, పరేషాన్ గాకు," అన్నాడు ఆపరేటరు లక్ష్మీరాజం. "మక్కకు పారిచ్చే నీళ్లు. తాగుతరా ఎవలన్న?"

"తాగుతరన్నా. పైపుల నిండినయి ఊళ్లెకు పోనే పోతయి."

కొత్త నీళ్లు వస్తే ఆ ఊళ్లో కొబ్బరికాయ కొట్టి, ఇంటికొకరు దోసిలి పట్టి తాగాకే చేనుకు మళ్లిస్తారు. మురుగునీళ్లకు ఆ మర్యాద ఎవరూ చేసేవారు కాదు, పోయిన నెల ఊరందరి ముందు వినోద ఒక గ్లాసు గటగటా తాగి చూపించకపోతే.

అత్త ఐలవ్వకు ఫోను చేస్తే మోగి మోగి ఆగింది. వినోద స్కూటీ తీసింది. హుజూరాబాద్ రోడ్డు దిగి మట్టిబాట పట్టింది. ముప్పై ఆరు ఇళ్లు. ముప్పై ఆరు దోసిళ్లు.

పైపు చుట్టూ జనం. మధ్యలో ఐలవ్వ, దోసిలి నిండా నీళ్లతో.

"అత్తమ్మా, తాగకు. ఎవ్వలు తాగకున్రి. ఇయ్యాల క్రిములు సచ్చే మందు కలువలే."

"మందు లేకుంటె ఇంక మంచిదే గదా," నవ్వాడు పక్కచేను ముత్తయ్య. "మందులు తినీ తాగే మనం గిట్లయితిమి." అని వంగి దోసిలి పట్టాడు.

"నువ్వు తాగంగ నీకు కానిది మాకేమైతదే?" అంది ఐలవ్వ.

ఇంకొక్క మాటే మిగిలింది. అది అంటే ఈ పైపూ ఉండదు, ఊళ్లో తన ముఖమూ ఉండదు.

"ఆనాడు నేను తాగింది గీ నీళ్లు కాదు. ఇంట్ల ఫిల్టరు నీళ్లు సీసల పోసుకొచ్చిన. మీరు ఒప్పుకుంటలేరని."

ముత్తయ్య దోసిలి విప్పేశాడు.

"చేనుకు మంచియే," అంది వినోద. "తాగెటందుకు మాత్రం ఎన్నటికీ గావు."

"ఇగ నీ మాట ఎవడు నమ్మాలె?" ముత్తయ్య ఒక రాయి అందుకుని పైపు వైపు నడిచాడు.

ఐలవ్వ ఇంకా కదల్లేదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"కాయ కొట్టింది నేను," అంది మెల్లగా. "మొదటి దోసిలి నేనే తాగిన, ఇంకెవలు తాగలే. గిది రెండోది. నీ పేరు మీద పట్టిన."

వినోద ఆమెను స్కూటీ ఎక్కించి ఆసుపత్రి దారి పట్టింది. వెనక పైపు మీద రాయి పడుతున్న చప్పుడు. ఐలవ్వ తడి చేతులు వినోద నడుమును గట్టిగా పట్టుకున్నాయి.

"ఏమైతదో ఎప్పుడు తెలుస్తదే?"

ఏమీ కాదని చెప్పాలనిపించింది వినోదకు.

"రెండు మూడు దినాలు సూడాలె, అత్తమ్మా."